ఏడాది దాటితే ఆ గుర్రం ఎవరిది?

అడవి గుర్రాలను దత్తత ఇవ్వడంలో అమెరికా అర్ధశతాబ్దంగా ఒకే తప్పు చేస్తోంది: తీసుకెళ్లేవాళ్లను వెతుకుతోంది, పెంచేవాళ్లను కాదు

మెడకు ఎడమవైపు, జూలు కింద, తెల్లటి వెంట్రుకలతో ఒక వరుస గీతలు, కోణాలు. దూరం నుంచి చూస్తే ఏదో పాత లిపిలా ఉంటుంది. అమెరికాలో పట్టుబడ్డ అడవి గుర్రానికి అదే గుర్తింపు కార్డు. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరచిన లోహపు అచ్చును చర్మానికి కొన్ని సెకన్లపాటు అదిమిపెడతారు. ఆ చలికి వెంట్రుకలకు రంగునిచ్చే కణాలు చచ్చిపోతాయి. మళ్లీ మొలిచేవి తెల్లగా మొలుస్తాయి. మొదటి గుర్తు అది అమెరికా ప్రభుత్వం నమోదు చేసిన గుర్రమని చెబుతుంది. తర్వాతది పుట్టిన సంవత్సరం. మిగతాది రిజిస్ట్రేషన్ నంబరు. గుర్రం బతికున్నంత కాలం ఆ గుర్తు చెరగదు.

చెరిగేది ప్రభుత్వ బాధ్యతే. అదీ సరిగ్గా ఏడాదిలో.

దత్తత నిబంధనలు పైకి చూస్తే గట్టిగానే కనిపిస్తాయి. గుర్రాన్ని తీసుకునేవారికి 18 ఏళ్లు నిండాలి. జంతువులను హింసించిన కేసులో శిక్ష పడి ఉండకూడదు. ఒక్కో గుర్రానికి కనీసం 400 చదరపు అడుగుల ఆవరణ చూపించాలి. మచ్చిక కాని పెద్ద గుర్రమైతే ఆరడుగుల ఎత్తు కంచె తప్పనిసరి, ముళ్లకంచె పనికిరాదు. ఎండకూ మంచుకూ నీడ ఉండాలి. శిక్షణ లేని గుర్రానికి కనీస రుసుము 125 డాలర్లు, అంటే రూ. 10,000 పైచిలుకు. ఇంటికి తీసుకెళ్లినా మొదటి ఏడాది అది సర్కారు గుర్రమే. ఏడాది తిరిగాక, సరిగ్గానే చూసుకుంటున్నారని పశువైద్యుడో మరో అర్హుడో ధ్రువీకరిస్తే యాజమాన్య పత్రం చేతికొస్తుంది. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో అది అడవి గుర్రం కాదు, మామూలు పశువు. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. గుర్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు బతుకుతుంది. దాని మీద సర్కారు కన్ను మాత్రం ఒక్క ఏడాదే.

మస్టాంగ్ అనగానే మన దగ్గర చాలామందికి కారు గుర్తొస్తుంది. ఆ కారుకు పేరు తెచ్చిపెట్టిన గుర్రాల కథ ఇప్పుడు వేలంపాటల్లో, గడ్డి బిల్లుల్లో, కోర్టు తీర్పుల్లో నడుస్తోంది.

అంతా మొదలైంది ఒక ట్రక్కుతో

1950లో నెవాడా రాష్ట్రంలోని రీనోలో వెల్మా జాన్‌స్టన్ అనే సెక్రటరీ ఉద్యోగానికి వెళుతూ, ముందున్న ట్రక్కులోంచి రక్తం కారడం గమనించారు. వెంబడించి చూస్తే లోపల గాయపడ్డ అడవి గుర్రాలు. ట్రక్కు వెళుతున్నది కబేళాకు. ఆ రోజుల్లో విమానాలతో తరిమి, ట్రక్కులతో వెంటాడి పట్టిన గుర్రాలు కుక్కలకు, కోళ్లకు మేతగా మారేవి. అడిగే నాథుడు లేడు. జాన్‌స్టన్ అడగడం మొదలుపెట్టారు. ప్రత్యర్థులు వెటకారంగా 'వైల్డ్ హార్స్ యానీ' అన్నారు. ఆ పేరునే ఆమె జెండాలా ఎత్తుకున్నారు. దేశమంతటా స్కూలు పిల్లలు ఉత్తరాలు రాశారు. మోటారు వాహనాలతో అడవి గుర్రాలను వేటాడటాన్ని నిషేధిస్తూ 1959లో ఒక చట్టం వచ్చింది. 1971లో అసలైన చట్టం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఆ ఏడాది డిసెంబరు 15న సంతకం చేశారు. ప్రభుత్వ భూముల్లో తిరిగే గుర్రాలను, గాడిదలను పట్టడం, వేధించడం, చంపడం అప్పటి నుంచి నేరం.

నిజానికి ఇవి అడవి గుర్రాలా, ఊళ్లోంచి పారిపోయిన గుర్రాలా అన్నది తెగని వాదం. గుర్రం జాతి పుట్టిందే ఉత్తర అమెరికాలో. దాదాపు 10,000 ఏళ్ల క్రితం అక్కడే అంతరించింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఓడల్లో మళ్లీ తెచ్చారు. వాళ్ల నుంచి, ఆదివాసీ తెగల నుంచి, సైన్యం నుంచి, రైతుల నుంచి తప్పించుకున్నవి మందలు కట్టాయి. గుర్రాలను ప్రేమించేవారి దృష్టిలో ఇవి పుట్టింటికి తిరిగొచ్చినవి. అదే నేల మీద పశువులను మేపుకునే ర్యాంచ్ యజమానుల దృష్టిలో గాలికి తిరిగే పశువులు.

చట్టం పని చేసింది. ఎంతగా అంటే, అదే సమస్యగా మారింది. పట్టేవాళ్లు లేక, వేటాడే మృగాలు పెద్దగా లేక, మందలు ఏటా 15 నుంచి 20 శాతం పెరుగుతాయి. నాలుగైదేళ్లలో రెట్టింపు. పది పశ్చిమ రాష్ట్రాల్లో వీటికి కేటాయించిన నేల రెండున్నర కోట్ల ఎకరాలకు పైగానే ఉన్నా అందులో చాలా భాగం వానలు పడని ఎడారి. దాదాపు సగం గుర్రాలు ఒక్క నెవాడాలోనే ఉన్నాయి. నేల తట్టుకోగలిగింది 25,000 పైచిలుకు మాత్రమేనని, ఈ భూములను చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (బీఎల్ఎం) లెక్క. 2020 మార్చి నాటికి బయట తిరిగేవి 95,000 దాకా చేరాయి. భారీగా పట్టి తరలించిన తర్వాత 2024లో 73,000 పైచిలుకు తేలాయి.

ఈ లెక్కను గుర్రాల సంఘాలు ఒప్పుకోవు. అదే సంస్థ 15 కోట్లకు పైగా ఎకరాలను పశువుల మేతకు అనుమతిస్తోందని, ఒక ఆవూ దూడా నెలంతా మేయడానికి 2025లో తీసుకున్నది 1.35 డాలర్లేనని వాటి వాదన. నేల పాడైందంటే తప్పంతా గుర్రానిదేనా? న్యాయమైన ప్రశ్నే. కానీ నీళ్లు ఎండిన మడుగు దగ్గర డొక్కలు తేలి నిలబడ్డ మందకు ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆగే ఓపిక ఉండదు.

దాణా తప్పదు

హెలికాప్టర్లతో తరిమి పట్టిన గుర్రాలను ఎక్కడ పెట్టాలి? ఇక్కడే దత్తత ముందుకొచ్చింది. మోంటానా సరిహద్దులోని ప్రయర్ కొండల్లో 1973లో మొదలైన ప్రయత్నం 1976 నాటికి దేశవ్యాప్త కార్యక్రమమైంది. ఏడాది తర్వాత యాజమాన్య హక్కు, ఏడాదికి నాలుగు గుర్రాలకు మించకూడదన్న పరిమితి 1978 చట్ట సవరణతో వచ్చాయి. ఇప్పటిదాకా రెండున్నర లక్షలకు పైగా గుర్రాలు, గాడిదలు ఇళ్లకు చేరాయి. వాటిలో ఎన్నో పిల్లల స్వారీ గుర్రాలయ్యాయి, పోటీల్లో పతకాలు తెచ్చాయి. సరిహద్దు గస్తీ దళం కూడా మస్టాంగ్‌లను వాడుతోంది. రాళ్ల నేల మీద పెరిగిన గట్టి గిట్టలు వాటి బలం.

ఇళ్లకు చేరనివి మాత్రం సర్కారు ఖర్చుతోనే బతకాలి. దొడ్లలోనో, ఓక్లహోమా, కాన్సస్ వంటి చోట్ల అద్దె గడ్డిబీళ్లలోనో ఇలా ఉంటున్నవి 60,000 దాటాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. 2023 ఆర్థిక సంవత్సరంలో ఈ కార్యక్రమానికి ఖర్చయిన 15 కోట్లకు పైగా డాలర్లలో దాదాపు మూడింట రెండొంతులు ఈ దాణాకే పోయాయి. ఒక గుర్రం దత్తతకు వెళితే జీవితకాలంలో దాదాపు 24,000 డాలర్లు మిగులుతాయని బీఎల్ఎం చెబుతూ వచ్చింది.

ఈ లెక్కే కొంప ముంచింది. గుర్రాన్ని ఇంటికి పంపడం లక్ష్యంగా మొదలైన పథకం, గుర్రాన్ని పద్దులోంచి తీసేయడం లక్ష్యంగా మారిన ప్రతిసారీ ఒకే కథ జరిగింది. మూడుసార్లు.

మొదటిసారి 1980లలో. దత్తతకు ఎవరూ ముందుకు రావడం లేదని, పెద్ద సంఖ్యలో తీసుకునేవారికి రుసుము మాఫీ చేశారు. 1984-88 మధ్య అలా దాదాపు 20,000 గుర్రాలు వెళ్లాయి. యాజమాన్య పత్రం రాగానే వేలాది గుర్రాలు కబేళా దారి పట్టాయి. చంపడానికే తీసుకుంటున్నారని ముందే తెలిసీ హక్కు బదిలీ చేయకూడదని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

రెండోసారి 2004లో. మోంటానా సెనేటర్ కాన్రాడ్ బర్న్స్ ఒక భారీ బడ్జెట్ బిల్లులో చిన్న సవరణ చేర్చారు. పదేళ్లు దాటిన గుర్రాలను, మూడుసార్లు దత్తతకు పెట్టినా ఎవరూ తీసుకోని వాటిని షరతుల్లేకుండా అమ్మేయవచ్చు. 2005 వసంతంలోనే అలా అమ్మిన వాటిలో 41 గుర్రాలు ఇల్లినాయి కబేళాలో తేలాయి. గగ్గోలు లేచింది. మరో 52 గుర్రాలను కాపాడేందుకు ఫోర్డ్ కంపెనీ ముందుకొచ్చింది. ఆ తర్వాత అమ్మకం పత్రాల్లో చంపబోమన్న హామీ చేరింది. అయినా 2008-12 మధ్య ఒకే కొనుగోలుదారుకు దాదాపు 1,800 గుర్రాలను అమ్మారని, ఒక్కోదానికి తీసుకున్నది 10 డాలర్లని, వాటిలో అధిక భాగం మెక్సికో కబేళాలకు వెళ్లాయని ఇంటీరియర్ శాఖ అంతర్గత విచారణ 2015లో బయటపెట్టింది.

మూడోసారి 2019లో. ఈసారి రుసుము మాఫీ చేయడంతో ఆగలేదు, ఎదురు డబ్బులిచ్చారు. శిక్షణ లేని గుర్రాన్ని తీసుకుంటే 1,000 డాలర్లు. సగం తీసుకున్న 60 రోజుల్లో, మిగతా సగం యాజమాన్య పత్రం వచ్చాక. అంకెలు దూసుకెళ్లాయి. 2018లో దత్తత, అమ్మకాలు కలిపి 4,600 గుర్రాలు వెళితే 2019లో 7,100 వెళ్లాయి. 2021లో 8,600 దాటాయి. రెండు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఈ గుర్రం బతికుండగా వెయ్యి తెచ్చింది, వేలానికి తోలితే ఇంకొన్ని వందలు. ఒకే కుటుంబంలో తలా నాలుగు చొప్పున తీసుకుని, ఏడాది గడిపి, డబ్బు అందగానే కబేళా వ్యాపారులు కొనే వేలాలకు చేర్చిన ఉదంతాలను 2021 మేలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అమెరికాలోని చివరి గుర్రపు కబేళాలు 2007లోనే మూతపడ్డాయి. కానీ సరిహద్దు దాటించడాన్ని ఎవరూ ఆపలేదు. బీఎల్ఎం తనిఖీలు పెంచింది. 2022 నుంచి మొత్తం డబ్బు ఏడాది తర్వాతే ఇస్తామంది. చివరికి 2025 మార్చిలో కొలరాడోలోని ఫెడరల్ కోర్టు పథకాన్నే కొట్టేసింది. పర్యావరణంపై ప్రభావాన్ని అంచనా వేయకుండా, ప్రజాభిప్రాయం తీసుకోకుండా తెచ్చారన్నది తప్పు.

డబ్బు కాదు, దారి తప్పు

అయితే డబ్బివ్వడమే పాపమా? ఈ చిక్కు మనకూ కొత్త కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధిన పడ్డ పశువులు 50 లక్షలు, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే దాదాపు 12 లక్షలు. అమెరికా వెయ్యి డాలర్లు ప్రకటించిన 2019లోనే ఆ రాష్ట్రం కూడా ఒక పథకం తెచ్చింది. ఆశ్రయ కేంద్రం నుంచి ఆవును తీసుకుని సాకితే రోజుకు రూ. 30. మనిషికి నాలుగు పశువులదాకా. 2023లో దాన్ని రూ. 50 చేశారు. ఆ డబ్బుతో ఆవు కడుపు నిండుతుందా, నెలనెలా సమయానికి అందుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. కానీ రెండింటి మధ్య ఒక మౌలిక తేడా ఉంది. అక్కడ డబ్బు తీసుకెళ్లినందుకు. ఇక్కడ సాకినన్ని రోజులకు. ఒకటి పశువును వదిలించుకోమని చెబుతుంది, మరొకటి ఉంచుకోమంటుంది.

అమెరికాలోనూ డబ్బును సరైన చోట పెట్టిన అనుభవం ఉంది. మస్టాంగ్ హెరిటేజ్ ఫౌండేషన్ నడిపిన కార్యక్రమంలో సొమ్ము తీసుకెళ్లేవాడికి కాక మచ్చిక చేసే శిక్షకుడికి దక్కేది. గుర్రం తలకు తాడు వేయనివ్వాలి, వెంట నడవాలి, నాలుగు కాళ్లూ ఎత్తి చూపించాలి, ట్రెయిలర్ ఎక్కాలి. అప్పుడు దానికో ఇల్లు చూసిపెట్టాలి. అదే సంస్థ 2007 నుంచి నిర్వహించిన పోటీల్లో శిక్షకులు వంద రోజుల్లో అడవి గుర్రాన్ని స్వారీకి సిద్ధం చేసి ప్రేక్షకుల ముందుకు తెచ్చేవారు. అక్కడికక్కడే వేలం. మనిషిని చూస్తే గోడకు అంటుకుపోయే గుర్రానికి 125 డాలర్లు పెట్టడానికి వెనకాడినవాళ్లే, మెడ నిమరనిచ్చే గుర్రానికి వేలు పోశారు.

నెవాడా, కొలరాడో, వ్యోమింగ్ జైళ్లలోనూ ఖైదీలు ఈ పని చేశారు. 2019లో వచ్చిన 'ద మస్టాంగ్' సినిమాకు నెవాడా జైలు కార్యక్రమమే ప్రేరణ. నోరెత్తి అరిస్తే గుర్రం దగ్గరికి రాదు. కోపాన్ని దిగమింగుకోవడం మనిషి నేర్చుకున్నాకే గుర్రం నేర్చుకుంటుంది. అలా తయారైన గుర్రాన్ని కొన్నవాడికి దాని పేరు తెలుస్తుంది, దాన్ని తీర్చిన మనిషి ఎవరో తెలుస్తుంది. అలాంటి గుర్రాన్ని వేలానికి తోలడం అంత తేలిక కాదు.

మచ్చిక కాని గుర్రం సంగతి వేరు. దత్తతలు విఫలమయ్యేది ఎక్కువగా దుర్మార్గం వల్ల కాదు, తెలియకపోవడం వల్ల. సినిమా చూసి మనసు పారేసుకున్న కుటుంబం పెద్ద మగగుర్రాన్ని ఇంటికి తెస్తుంది. గిట్టలు కత్తిరించాలంటే దగ్గరికి రానివ్వదు. ఎండుగడ్డి ధర పెరుగుతుంది. చలికాలం వస్తుంది. ఏడాదిలోపైతే తిరిగి ఇచ్చేయవచ్చు. రెండో ఏట ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు దగ్గరలో కనిపించేది పశువుల వేలమే.

దత్తతకు అండగా నిలవడమంటే రుసుము తగ్గించడమో, చేతిలో డబ్బు పెట్టడమో కాదు. రెండో ఏట, ఐదో ఏట కూడా ఆ ఇంటి తలుపు తట్టే మనిషి కావాలి. చేతకానివాడు సిగ్గుపడకుండా గుర్రాన్ని తిరిగి అప్పగించే చోటు కావాలి. పద్దులో 24,000 డాలర్లు మిగులుతాయని లెక్క కట్టిన ప్రభుత్వం అందులో కొంత భాగాన్ని ఆ మనిషికీ, ఆ చోటుకీ కేటాయించలేదా? సొంత గడ్డిబీడు లేనివారు కూడా చేయగలిగిన పని ఇందులో ఉంది. శిక్షకుడి ఫీజుకో, ఆశ్రయ కేంద్రంలో ఒక గుర్రం మేతకో చందా ఇవ్వడమూ దత్తతే.

బాణం చేసే పని

ఇంత చేసినా దత్తతతోనే గండం గట్టెక్కదు. 2022లో నేల మీంచి తరలించినవి దాదాపు 20,000. అత్యుత్తమ సంవత్సరంలోనూ బయటికి వెళ్లినవి అందులో సగం కూడా లేవు. పైగా గుర్రాలను తీసేసే కొద్దీ మిగిలినవాటికి మేత పెరిగి మంద ఇంకా వేగంగా పెరుగుతుందని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2013 నివేదికలో హెచ్చరించింది. గిన్నెతో తోడుతుంటే పైన కుళాయి తిప్పేసినట్టు.

కుళాయి కట్టే మార్గం కొత్తదేమీ కాదు. ఆడగుర్రానికి దూరం నుంచి చిన్న బాణంతో వేసే పీజెడ్‌పీ అనే గర్భనిరోధక టీకా ఉంది. మేరీలాండ్ తీరంలోని అసటీగ్ దీవిలో 1990ల నుంచి దీన్నే వాడి మందను తరమకుండా, పట్టకుండా తగ్గించారు. కొలరాడోలోని స్ప్రింగ్ క్రీక్ బేసిన్‌లో 2011 నుంచి ప్రతి ఆడగుర్రాన్నీ రూపంతో గుర్తుపట్టి టీకా వేస్తున్నారు. చిన్న మందల్లో ఇది రుజువైంది. లక్షల ఎకరాల్లో మనిషి నీడ చూస్తేనే పారిపోయే గుర్రాలకు ఏటా బాణం వేయడం కష్టమన్న బీఎల్ఎం మాటలోనూ నిజముంది. కానీ బడ్జెట్‌లో మూడింట రెండొంతులు దాణాకే పోతుంటే బాణానికి మిగిలేదెంత? తక్కువ పుడితే తక్కువ పట్టాలి. తక్కువ పడితే ఇళ్లు వెతకాల్సినవి తక్కువ. అప్పుడు అడిగినవాడికల్లా కాక, చేతనైనవాడికే గుర్రాన్ని ఇచ్చే తీరిక ఉంటుంది.

కబేళా వ్యాపారులు వచ్చే వేలాల్లో ఇప్పుడు మరికొందరు కూడా తిరుగుతుంటారు. గుర్రాలను కాపాడే సంఘాల వాళ్లు. దొడ్లో నిలబడ్డ ఒక్కో గుర్రం దగ్గరికీ వెళ్లి, మెడ ఎడమవైపు జూలును చేత్తో పైకెత్తి చూస్తారు. తెల్ల గీతలు కనిపిస్తే చదువుతారు. పుట్టిన ఏడు, నంబరు. ఒకప్పుడు దాన్ని చంపితే నేరం. ఇప్పుడు తూకానికి ఎంత పలుకుతుందన్నదే లెక్క. మారింది గుర్రం కాదు, దాని కాగితం.